వియ్యపురాలు లేని బొమ్మల పెళ్ళి

"పెళ్ళికూతురు రెడీ అయిపోయింది అమ్మమ్మా" అంటూ మా మనవరాలు ఫోను తెచ్చి నా కళ్ళజోడుకి ఆనించింది. చూశాను. నిజంగానే రెడీ. మొహానికి నలుగు అయింది, చేతులకి గోరింటాకు అయింది. ఎర్ర లెహంగా, దాని నిండా జరీ, పాపిటబిళ్ళ, ముక్కుకి గాజంత నత్తు. ఇదంతా అయిదు నిమిషాల్లో.

"పెళ్ళికొడుకు ఎవరింటివాడే?" అన్నాను.

ఎనిమిదేళ్ళ పిల్ల నన్ను జాలిగా చూసింది. "ఎవరింటివాడూ కాదు అమ్మమ్మా. లెవెల్ తొమ్మిదిలో వస్తాడు."

రెండు రోజులు ఆ మాట నా చెవిలో గింగురుమంటూనే ఉంది. మా చిన్నప్పుడు బొమ్మల పెళ్ళిలో ముందు తేలాల్సిన సంగతే అది. ఎవరింటి పిల్ల, ఎవరింటి పిల్లాడు? చీర తర్వాత, నగ తర్వాత. వియ్యాలవారి మధ్య మాట కుదిరాకే బొమ్మకి బట్ట కట్టేది.

నేను పుట్టిందీ పెరిగిందీ, ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుని మూలుగుతున్నదీ గార్డెన్ రీచ్‌లోనే. కలకత్తాకి నైరుతి మూల, హుగ్లీ ఒడ్డున, రేవుకీ రైల్వేకీ దర్జీలకీ తలా కాస్త పంచిపెట్టినట్టుండే పేట ఇది. మా నాన్న రైల్వే హెడ్డాఫీసులో గుమాస్తా. బెంగాల్ నాగపూర్ రైల్వే అనే పాత కంపెనీకి ముఖ్య కార్యాలయం ఇక్కడే. 1955 ఆగస్టు 1న అది సౌత్ ఈస్టర్న్ రైల్వే అయింది. వాల్తేరు డివిజన్ 2003 దాకా ఈ ఆఫీసు కిందే ఉండేది గనక విజయనగరం, శ్రీకాకుళం వైపు రైల్వే కుటుంబాలకి గార్డెన్ రీచ్ అంటే పరాయి ఊరు కాదు, హౌరా మెయిల్లో ఒక రాత్రి దూరం. అలా వచ్చిపడిన కుటుంబాల్లో మాదొకటి.

రైల్వే గోడ దాటి కాస్త నడిస్తే మెటియాబ్రుజ్. పేరు కొరుకుడు పడనట్టుంటుంది గానీ విప్పి చూస్తే మన మట్టి బురుజే. 1856లో ఇంగ్లీషువాళ్ళు అవధ్ రాజ్యం లాక్కుంటే నవాబు వాజిద్ అలీ షా కలకత్తా వచ్చి ఇక్కడ దిగాడు. 1887లో కన్నుమూసేదాకా నది ఒడ్డున ఇంకో చిన్న లక్నో కట్టుకుని కాలం వెళ్ళబుచ్చాడు. వంటవాళ్ళు, పాటగాళ్ళు, గాలిపటాలవాళ్ళు, దర్జీలు ఆయన వెంట వచ్చారంటారు. గాలిపటాలు ఇంకా ఎగురుతున్నాయి. దర్జీలు పేటనే ఆక్రమించారు. చిన్నపిల్లల గౌన్లు, లాగూలు గుట్టలు గుట్టలుగా కుట్టి టోకున అమ్మే చోటు ఇది. శని, ఆదివారాల్లో హాట్ జరుగుతుంది, అంటే మన సంత. మీ ఊళ్ళో మీ మనవరాలికి కొన్న కుచ్చుల గౌను ఇక్కడ కుట్టిందే అయినా ఆశ్చర్యం లేదు.

నేనూ ముప్ఫై ఏళ్ళు మిషన్ తొక్కాను. కాలనీ ఆడవాళ్ళకి జాకెట్లు, లంగాలు, చీరలకి ఫాల్సు. కాబట్టి బొమ్మల సంగతి ఎవరు చెప్పినా నా చూపు ముందు బట్ట మీదికే పోతుంది. ఆ బట్ట ఎక్కడిది? ఎవరినడిగి తెచ్చారు?

మా అమ్మమ్మ బొమ్మ బట్ట వాళ్ళమ్మ చీరది. విజయనగరం దగ్గర పల్లెలో, 1920ల మొదట్లో, ఆవిడకి తొమ్మిదో ఏట పెళ్ళయింది. మా దగ్గర ఉండటానికి వచ్చినప్పుడు నాకు గుడ్డబొమ్మ చేయడం నేర్పింది. పాత చీర చెరగు చింపి గట్టిగా చుట్టాలి. పైభాగాన దూది ఉండ పెట్టి, గుడ్డ దాని మీదికి లాగి, మెడ దగ్గర దారంతో బిగించి కట్టాలి. చీపురుపుల్ల అడ్డంగా దూరిస్తే చేతులు. నల్ల దారప్పోగులు తల మీద కుట్టి జడ అల్లేస్తే అయిపోయె. కళ్ళు మాత్రం కాటుకతో దిద్దేది. సూది పెట్టనిచ్చేది కాదు. "కళ్ళల్లో సూది గుచ్చుతావేటే గుంటా!" అని చెయ్యి మీద ఒక్కటిచ్చేది.

తన పెళ్ళి గురించి అడిగితే ఆవిడకి పెద్దగా ఏమీ గుర్తులేదు. పందిట్లో నిద్రపోయిందట. అత్తారింటికి పంపేటప్పుడు పెట్టె అడుగున బొమ్మని దాచుకుని పట్టుకెళ్ళిందట. అత్తగారు చూసి ఏమీ అనలేదు గానీ మర్నాటికి బొమ్మ అటక మీద ఉంది. "అందినట్టే ఉండేది, అందేది కాదు" అనేది. ఆ అటక ఎత్తు ఎంతో చెయ్యి పైకెత్తి మరీ చూపించేది, అరవై ఏళ్ళు దగ్గరపడ్డాక కూడా.

బొమ్మల పెళ్ళి ఆ తరం పిల్లలకి ఆట కాదు, రేపో మాపో జరగబోయేదానికి రిహార్సలు. 1929లో వచ్చిన శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళి వయసు పద్నాలుగు అంది. 1949లో అది పదిహేనయింది, 1978లో పద్దెనిమిది. చట్టం ఒకటి, ఊరి ఆచారం ఒకటి అని నాకూ తెలుసు. అయినా పెళ్ళి వయసు ముందుకి జరుగుతున్నకొద్దీ పిల్లల బొమ్మలు కూడా మెల్లగా పెళ్ళి మానేశాయి. మా ఇంట్లో అయిదు తరాల ఆడపిల్లల్ని వరసగా నిలబెడితే ఇది కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. మా అమ్మమ్మకి బొమ్మ పెళ్ళీ తన పెళ్ళీ ఒకే ఏడు. మా అమ్మకి మధ్యలో కొన్నేళ్ళ ఎడం. నాకు ఇంకా ఎక్కువ. మా అమ్మాయి బొమ్మకి పెళ్ళే లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన పేరున్న బొమ్మలు చాలావాటికి బట్టలు మార్చలేం. కొండపల్లి బొమ్మ ఉంది, తెల్లపొణికి చెక్కతో చేస్తారు. చీర కూడా చెక్కే, అంచు కూడా రంగే. ఏటికొప్పాక లక్కబొమ్మ అంకుడు కర్రని తరిణె పట్టి తీసిన నునుపు. దానికి బట్ట నిలవదు. మాకు నది అవతల హౌరా జిల్లాలో రాణీ పుతుల్ అని గులాబీ రంగు మట్టిబొమ్మ చేసేవారు. విక్టోరియా రాణిని చూసి చేసిందంటారు. ఆవిడ గౌను కూడా అచ్చులో పోసిందే, విప్పేది కాదు. ఇవన్నీ కొలువులో పెట్టి చూసుకునే బొమ్మలు. బట్ట కట్టి, విప్పి, ఉతికి, మళ్ళీ కట్టే బొమ్మలు రెండే. ఇంట్లో చేసిన గుడ్డబొమ్మ ఒకటి, తిరుపతి కొండకి వెళ్ళినవాళ్ళు తెచ్చే ఎర్రచందనం చెక్క జంట ఒకటి. మొదటిది చిరిగేదాకా, రెండోది పోగొట్టుకునేదాకా.

మా ఇంట్లో చెక్క జంటలో ఆడబొమ్మ ముందే పోయింది. కాబట్టి 1967లో నేను నా పెళ్ళికొడుకుని తీసుకుని పక్క క్వార్టరుకి సంబంధం మాట్లాడ్డానికి వెళ్ళేనాటికి వాడు రెండో పెళ్ళివాడు. ఆ సంగతి దాచాం.

పెళ్ళికూతురు పక్కింటి బెంగాలీ పిల్లది. నా ఈడుదే. బొమ్మ వాళ్ళమ్మ చేసింది. ఆవిడని నేను కాకీమా అనేదాన్ని. మాటలు మా అమ్మమ్మకీ కాకీమాకీ మధ్య జరిగాయి. ఈవిడకి బెంగాలీ రాదు, ఆవిడకి తెలుగు రాదు. కట్నం మాత్రం ఇద్దరికీ బాగానే అర్థమైంది. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చినా మా బొమ్మలదాకా కబురు రాలేదు. చివరికి ఆరు సందేశ్‌లకి కుదిరింది. మా అన్నయ్య పురోహితుడు. జంతికలు ఇస్తేనే మంత్రాలు చదువుతానన్నాడు.

ఇక పెళ్ళిచీర. మన మధుపర్కాలు తెలుపు కదా. అమ్మమ్మ మా నాన్న పాత మల్లు పంచె చింపి, బొమ్మకి సరిపడా చీర తీసింది. అది చూసి కాకీమా మొహం మాడిపోయింది. బెంగాలీలకి తెల్లచీర అంటే వైధవ్యం. పీటల మీద కూర్చునే పిల్లకి తెల్లచీరా? పెళ్ళికూతురు ఎర్ర బెనారసీ కట్టాల్సిందేనంది. మా అమ్మమ్మ ఒప్పుకోలేదు. పిల్లలం ఇద్దరం ఏడుపు లంకించుకున్నాం.

అప్పుడు అమ్మమ్మ నన్ను మెటియాబ్రుజ్ తరిమింది. రైల్వే గోడ పక్క సందులో ఒక ఓస్తాగర్ ఉండేవాడు. ఓస్తాగర్ అంటే పదిమంది దర్జీలని పెట్టుకుని కుట్టించే మేస్త్రీ. ఆయన కోత బల్ల కింద ఛాట్ పడి ఉండేది, అంటే కోతలో మిగిలిన తుక్కు ముక్కలు. మేం ఊరికే ఏరుకుపోతామంటే కుదిరేది కాదు, అడగాలి. "చాచా, ఛాట్" అంటే ఆయన కత్తెర ఆపకుండా "ఎవరిదమ్మా పెళ్ళి?" అనేవాడు. ఎవరికి, ఎవరితో, ఎంత పొడుగు పిల్ల అని అన్నీ చెప్పుకోవాలి. చెప్పింది నచ్చితే మంచి ముక్క, నచ్చకపోతే నూలు పీలిక. ఆ రోజు తెలుగు పిల్లాడికీ బెంగాలీ పిల్లకీ పెళ్ళనేసరికి ఆయనకి ముచ్చటేసినట్టుంది. గౌన్ల మెడకి వేసే ఎర్ర పైపింగు పట్టీ ఒక మూర తెంపి ఇచ్చాడు.

అమ్మమ్మ ఆ పట్టీని తెల్లచీర అంచున దూరం కుట్లు వేసి కుట్టేసింది. కాకీమా చీర చేతిలోకి తీసుకుని అంచు మీద బొటనవేలు రాసి చూసింది. "లాల్ పాడ్" అంది. ఎర్ర అంచు తెల్లచీర వాళ్ళకి ముత్తైదువు చీర, పూజల్లో కట్టేది. అంతే, గొడవ పోయింది. పెళ్ళికొడుకు నుదుటికి మనవైపు బాసికం కట్టారు, దాని మీద కాకీమా బెండుతో చేసిన వాళ్ళ టోపర్ పెట్టింది. రెండూ కలిసేసరికి మా వాడికి మొహం కనపడలేదు.

అసలు తగువు తర్వాత మొదలైంది. పెళ్ళయ్యాక పిల్ల అత్తారింటికి రావాలి. అంటే ఆ బొమ్మ నాది అయిపోతుంది! ఈ సంగతి బెంగాలీ పిల్లకి తలంబ్రాలు అయ్యేదాకా తట్టలేదు. తట్టాక బొమ్మని గుండెకి హత్తుకుని మంచం కింద దూరింది. పెద్దవాళ్ళు బతిమాలి, బెదిరించి, చివరికి ఒప్పందం చేశారు. పదిహేను రోజులు అత్తిల్లు, పదిహేను రోజులు పుట్టిల్లు. గోడ మీంచి అటూ ఇటూ చేతులు మారేది. వెళ్ళిన ప్రతిసారీ సారె పెట్టాలి, ఒంటి మీద కొత్త చీర ఉండాలి. లేకపోతే "కోడలిని ఇలాగేనా పంపడం" అని వియ్యపురాలు నిష్ఠూరం. ఆ నిష్ఠూరం భరించలేక నేను వారానికోసారి ఓస్తాగర్ చాచా బల్ల ముందు నిలబడేదాన్ని. ఏడాది తిరిగేసరికి ఆ గుడ్డబొమ్మకి పదకొండు చీరలు. పాప్లిన్, కేంబ్రిక్, ఆర్గండీ, ఒక నైలెక్స్ ముక్క. నేను కుట్టుపని నేర్చుకున్నది ఏ టైలరింగు స్కూల్లోనూ కాదు, ఆ బెంగాలీ పిల్ల మాట పడలేక.

నగలకి మాత్రం చందమామ పత్రిక ఉండేది. అందులో వపా గారు వేసిన రాజకుమార్తెల వంకీలు, వడ్డాణాలు చూసి సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితంతో అచ్చంగా చేసేవాళ్ళం.

తర్వాత ఒకటి రెండేళ్ళు కాగితం బొమ్మల పిచ్చి పట్టింది. సోవియట్ భూమి పత్రిక వచ్చేది ఇంటికి. ఆ నున్నటి కాగితం అట్టలు వేసుకోవడానికే పుట్టిందని అందరూ అనుకునేవారు. మేం దానితో గౌన్లు కత్తిరించేవాళ్ళం. భుజాల దగ్గర చిన్న చెవులు వదిలి మడిస్తే అట్టబొమ్మ మీద నిలిచేవి. ఈ ఆట అచ్చు రూపంలో 1810లోనే లండన్‌లో అమ్మకానికి వచ్చింది. లిటిల్ ఫానీ అనే పిల్ల కథ, ఒక్క తల, మార్చడానికి బట్టలు. ఫానీ కథ నీతికథే. బట్టల మోజుకి పిల్ల చెడి, బుద్ధి తెచ్చుకుని బాగుపడుతుంది. బట్టల మోజు తప్పని చెప్పడానికి బట్టలు మార్చే బొమ్మని అమ్మారన్నమాట. వ్యాపారం ఆ రోజుల్లోనే అంత తెలివిగా ఉంది.

ఇప్పుడు కుట్టుపని మనిషిగా నాకు తెలిసిన ఒక రహస్యం చెబుతాను. బొమ్మ చిన్నదయిందని దారం సన్నబడదు. మనం కట్టుకునే నూలు చీరే జానెడు బొమ్మకి కడితే కుచ్చిళ్ళు గొడుగులా విచ్చుకుంటాయి, కిందికి జారవు. మనం గోనెసంచీతో కుచ్చిళ్ళు పోసుకున్నట్టు ఉంటుంది దాని సంగతి. అందుకే అమ్మమ్మ పాత మల్లు వెతికేది. వంద ఉతుకులు ఉతికిన పంచె కొత్త పట్టు కంటే బొమ్మకి బాగా నప్పుతుంది. కుచ్చిళ్ళకి గంజి పెట్టి, హెయిర్‌పిన్ను గుచ్చి, రాత్రంతా పుస్తకం కింద ఉంచితే తెల్లారికి మాట వినేది.

బార్బీ నడుము అంత సన్నగా ఎందుకుందని పెద్ద పెద్దవాళ్ళు చర్చలు పెట్టారు. పిల్లల మనసుల మీద దాని ప్రభావం గురించి అన్న మాటల్లో నిజం ఉంది, కాదనను. కానీ ఆ కంపెనీవాళ్ళు చెప్పుకునే కారణం మా వృత్తివాళ్ళకి వెంటనే బోధపడుతుంది. పదకొండున్నర అంగుళాల బొమ్మ అంటే మనిషిలో ఆరోవంతు. దాని నడుము దగ్గర లంగా పట్టీ, మడత, అస్తరు, పైన జాకెట్టు అంచు అన్నీ ఒకదాని మీద ఒకటి పడితే బట్టే బోలెడు మందం. సన్నగా చేస్తేనే బట్ట తొడిగాక నడుములా కనపడుతుంది.

బార్బీ 1959 మార్చిలో న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో బయటికొచ్చింది. రూత్ హాండ్లర్ అనే ఆవిడ తన కూతురు కాగితం బొమ్మలకి పెద్దవాళ్ళ బట్టలు తొడిగి ఆడుకోవడం చూసి ఈ ఆలోచన చేసింది. మూడు డాలర్ల బొమ్మ. ఆ మొదటి బార్బీల గౌన్లు ఎక్కడ కుట్టారో తెలుసా? జపాన్‌లో, ఇళ్ళల్లో కూర్చున్న ఆడవాళ్ళ చేతుల మీద, ముక్కకింత అని. ఇది చదివినప్పుడు నాకు మెటియాబ్రుజ్ సందులే గుర్తొచ్చాయి. ఇక్కడా అంతే. కోత బల్ల దగ్గర మగవాళ్ళు, గుండీలు కుట్టడం, దారాలు తెంపడం ఇంట్లో ఆడవాళ్ళు, డజనుకింత అని.

మా అమ్మాయి 1983లో పుట్టింది. దాని తొమ్మిదో పుట్టినరోజుకి మా ఆయన చౌరంఘీ వైపు వెళ్ళి గులాబీ పెట్టె తెచ్చారు. ఆయన జీతానికి అది ఎక్కువే. అప్పటికి మన దేశంలో చీర కట్టిన బార్బీ కూడా దొరికేది. మా అమ్మాయి బొమ్మకీ ఉంది చీర, నడుము దగ్గర అంటించేసిన రెడీమేడు కుచ్చిళ్ళతో. నేను ఉబ్బితబ్బిబ్బై మిషన్ ముందు కూర్చున్నాను, బొమ్మకి జాకెట్టు కుడతానని. మా అమ్మాయి వద్దంది. "అమ్మా, నువ్వు కుట్టింది ఇంట్లో కుట్టినట్టు ఉంటుంది" అంది. నిజానికి అది మెచ్చుకోలు కావాల్సిన మాట.

దాని ఆట వేరు. పెళ్ళి లేదు, వియ్యాలవారు లేరు. బార్బీ ఒకరోజు డాక్టరు, ఒకరోజు టీచరు, ఒకరోజు ఎక్కడికో ప్రయాణం. తమాషా ఏమిటంటే, బార్బీకి మొదటి ఏడాది నుంచీ పెళ్ళి గౌను ఉంది. 1961లో కెన్ అనే మగబొమ్మ కూడా వచ్చాడు. కంపెనీ మాత్రం ఇంతవరకూ వాళ్ళకి పెళ్ళి చేయలేదు. బీరువాలో పెళ్ళిచీర, మెడలో తాళి లేదు. మా అమ్మమ్మ ఉంటే తల బాదుకునేది. నాకు మాత్రం అప్పుడు ఒకరకంగా సంతోషమే వేసింది. మా అమ్మాయి బొమ్మని ఎవరూ అటక మీద పెట్టరు.

మగపిల్లల గురించి ఒక్క మాట. 1964లో అమెరికాలో సైనికుడి బొమ్మ అమ్మకానికి పెట్టినప్పుడు దాన్ని బొమ్మ అంటే మగపిల్లలు కొనరని వేరే పేరు కనిపెట్టారు, యాక్షన్ ఫిగర్ అని. దానికీ చొక్కాలు, బూట్లు, టోపీలు మార్చడమే ఆట. మా అన్నయ్యకి జంతికలు ఇచ్చి పురోహితుణ్ణి చేశాం, అంతకంటే ఏం పెద్ద తేడా లేదు.

బార్బీ వచ్చాక మా పేటలో జరిగిన మార్పు ఒకటి ఎవరూ రాయగా చూడలేదు గనక రాస్తున్నాను. బొమ్మ బట్టలు పిల్లల మీదికి ఎక్కాయి. ఇప్పుడు హాట్‌కి వెళ్ళి చూడండి. నెట్ మీద నెట్ వేసి, లోపల గట్టి కేన్‌కేన్ పెట్టి, నడుముకి మెరుపుల బెల్టు, వెనక పెద్ద బో కట్టిన గౌన్లు. వాటి పేరే బార్బీ ఫ్రాకు. నెల్లూరు నుంచి గౌహతి దాకా ఏ బట్టల కొట్లో అడిగినా అదే పేరు. మా రోజుల్లో ఓస్తాగర్‌లు పిల్లల గౌను కుడితే, మిగిలిన ముక్కతో మేం బొమ్మకి కుట్టేవాళ్ళం. ఇప్పుడు బొమ్మ గౌను చూసి పిల్ల గౌను కుడుతున్నారు. మొదటి పుట్టినరోజుకి ఆ గౌను తొడిగి, గుచ్చుకుంటోందని పిల్ల ఏడుస్తుంటే అటు తిప్పి ఇటు తిప్పి ఫోటోలు తీస్తాం. అలంకారపు బొమ్మలాట మానలేదు మనం. ఆడేవాళ్ళం మారాం. పిల్లలు ఆడాల్సింది తల్లులు, అమ్మమ్మలు ఆడుతున్నాం, నాతో సహా. మా మనవరాలి బారసాలకి అలాంటి గౌను నేనే కుట్టాను.

ఇక ఫోను. బట్టలు మార్చే బొమ్మలాట కంప్యూటర్‌లోకి వెళ్ళడం కొత్తదేం కాదు. 1991లోనే జపాన్‌లో అలాంటి ప్రోగ్రాం ఒకటి వచ్చింది. 2000 తర్వాత ఇంటర్నెట్టులో ఫ్లాష్ మీద నడిచే ఇలాంటి ఆటలు కుప్పలుగా పుట్టాయి. మా అమ్మాయి ఇంజనీరింగు చదివేటప్పుడు పరీక్షల ముందు రాత్రి అవే ఆడేదని తర్వాత తెలిసింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌ని ఆపేశారు. అవి అలా నిద్రపోయాయి. చెక్కబొమ్మ పోతే మంచం కింద దొరుకుతుందేమో గానీ, ఇవి పోతే వెతకడానికి మంచం కూడా లేదు.

మా మనవరాలి ఆటలో బట్టలు ఎన్నని అడిగాను. "చాలా" అంది. తర్వాత లెక్కపెట్టి మూడొందల నలభై దాకా వచ్చి విసుగొచ్చి ఆపింది. నా బొమ్మకి పదకొండు. అయితే ఆ మూడొందల నలభైలో సగానికి తాళం బొమ్మ ఉంది. నొక్కితే ఒక వీడియో చూడాలి, ముప్ఫై సెకన్లు. సబ్బు పొడి, అప్పులిచ్చే యాప్, ఇంకేదో పందేల ఆట. పూర్తయ్యేదాకా చూస్తే గౌను వస్తుంది. నేను పక్కన కూర్చుని చూశాను. పిల్ల ఆ ప్రకటన వైపు చూడదు. పైన మూలన అంకెలు తగ్గుతుంటే వాటినే చూస్తూ కూర్చుంటుంది. ఓస్తాగర్ చాచా కూడా ఊరికే ఇచ్చేవాడు కాదు. కానీ ఆయనకి కావల్సింది పెళ్ళి కబురు.

ఆటలో పెళ్ళి మళ్ళీ వచ్చి చేరిందని గమనించారా? బార్బీ వదిలేసిన పెళ్ళిని ఫోను తెచ్చుకుంది. నలుగు ఉంది, మెహందీ ఉంది, సంగీత్ ఉంది, మనకి లేనివి కూడా ఉన్నాయి. లేనిదల్లా ఎదుటి పక్షం. గోడ అవతల ఏడ్చే పిల్ల లేదు, "ఇలాగేనా పంపడం" అనే నోరు లేదు. తెల్లచీర చూసి మొహం మాడ్చుకునే కాకీమా లేదు. ఎంత అలంకరించినా కాదనేవాళ్ళు లేరు.

ఈ మాటే మొన్న ఫోన్లో అంటే నా పాత వియ్యపురాలు (అవును, ఆ బెంగాలీ పిల్లే, ఇప్పుడు బెహాలాలో ఉంటుంది) ఒప్పుకోలేదు. "అది పుతుల్ కాదు, ఛొబి. బొమ్మ కాదు, పటం" అని కొట్టిపారేసింది. నాకు నవ్వొచ్చింది. వాళ్ళ భాషలో ఆ తేడా ఉంది. మన బొమ్మ అనే మాటలో లేదు. చేతిలో పట్టుకునేదీ బొమ్మే, గోడకి తగిలించేదీ బొమ్మే, హాల్లో ఆడేదీ బొమ్మే. 1958లో బొమ్మల పెళ్ళి అన్న పేరుతోనే ఒక బొమ్మ ఆడింది. కాబట్టి నేను తెలుగుదాన్నిగా ఆలోచిస్తే ఫోనులోదీ బొమ్మే. దర్జీదాన్నిగా ఆలోచిస్తే మాత్రం కాదు, ఎందుకంటే దానికి బట్ట జారదు. కుచ్చిళ్ళు వేలాడవు, చినగవు, ఉతికితే రంగు దిగదు. వేలితో ఇలా అంటే అలా అతుక్కుంటుంది.

మొన్న ఆదివారం మనవరాల్ని వెంటబెట్టుకుని మెటియాబ్రుజ్ వెళ్ళాను. ఓస్తాగర్ చాచా లేడు, కొడుకు నడుపుతున్నాడు. నన్ను దీదీ అంటాడు. కోత బల్ల అదే, మీద కత్తెర బదులు కరెంటు మిషన్. నలభై పొరలు ఒకేసారి కోస్తోంది. ఛాట్ అడిగాను. బల్ల కింద ఏమీ లేదు, అంతా మూల గోనెల్లో ఉంది. ఇప్పుడు ఛాట్ కిలో లెక్కన అమ్ముతారట, తుక్కు వ్యాపారి వారానికోసారి వచ్చి తూకం వేసుకుపోతాడు. అయినా నా కోసం ఒక గోనె మూతి విప్పాడు. చెయ్యి పెట్టాను. నెట్టు, జార్జెట్టు, పాలియెస్టరు శాటిన్. పట్టుకుంటే పోగులు ఊడొస్తున్నాయి. బొమ్మకి పనికొచ్చే మెత్తని నూలు ముక్క ఒక్కటి లేదు.

మనవరాలు గోనె వైపు చూడనే లేదు. దండేనికి వేలాడుతున్న గులాబీ రంగు బార్బీ ఫ్రాకు ముందు నిలబడి తలెత్తి చూస్తోంది. తనకి కావాలేమో అనుకుని సైజు అడగబోయాను. అది మాత్రం ఓస్తాగర్‌ని సూటిగా అడిగింది, వచ్చీరాని హిందీలో, రెండు చేతులూ జానెడు ఎడం పెట్టి చూపించి: "అంకుల్, ఇదే ఇంతది కుడతారా?"

ఆయన నవ్వి, కుట్టొచ్చు గానీ మాది టోకు వ్యాపారం, ఒకటి కుట్టం, సెట్టే కుడతాం అన్నాడు. సెట్టుకి ఆరు.

పిల్ల వేళ్ళ మీద లెక్క వేసుకుంది. "అమ్మమ్మా, నా దగ్గర ఒక్క బొమ్మే ఉంది. ఇంకో అయిదు బొమ్మలు ఎవరి దగ్గరున్నాయి?"

వియ్యపురాలి నంబరు నా ఫోన్లో ఉంది. ఆవిడకి ముగ్గురు మనవరాళ్ళు.